వాడుక మార్పు

పందొమ్మిదేళ్లు నేనొక గడి నింపాను.
గుర్రం పేరు, తల్లి పేరు, నుదుటి చుక్క,
పరుగులెన్ని, గెలుపులెన్ని,
చిట్టచివర కుడిపక్క ఇరుకులో
రెండు మాటలు: వాడుక మార్పు.

ఎక్కడికని ఎవరూ అడగలేదు.
ఆ గడిలో అంత చోటు లేదు.
తెల్లారకముందే లారీ వచ్చేది,
దించిన చెక్కమీద డెక్కలు
నాలుగు, నాలుగు, మళ్లీ నాలుగు.
నేను కలానికి మూత పెట్టి
టీ కాచుకునేదాన్ని.

కొన్ని నిజంగానే స్వారీ బడికి వెళ్లాయి,
భయపడే పిల్లల్ని మోసుకుంటూ
ఏళ్లకేళ్లు గుండ్రంగా తిరిగాయి.
మిగతావాటి సంగతి,
ఉరకావా బజారులో మాంసం కొట్టు రాగానే
రోడ్డు దాటి అవతలి పక్కన నడిచిన
నా కాళ్లకి తెలుసు.

వాడుక అన్న మాటలో
వాడుకోవడం ఉంది.
వాడిపోవడం కూడా ఉందని
చాలా ఆలస్యంగా చూశాను.

దాని పేరు హమనాసు.
మా సముద్రపు ఒడ్డు ఇసుకలో పూసే
ముళ్ల గులాబీ పేరు.
పదకొండు పరుగులు, గెలుపు సున్నా.
ఏడో స్థానం దానికి పుట్టిల్లు.
ఎడమ ముంగాలు వాచింది, ఇక ముసలిదన్నారు.
అప్పటికి దానికి ఆరేళ్లు.
ఆరేళ్లకి మా అన్న కూతురికి
పాలపళ్లైనా ఊడలేదు.

ఆ పొద్దున కలం రాయలేదు.
కరుణ అనుకునేరు, కాదు.
చలికి సిరా గడ్డకట్టింది.
పొయ్యి దగ్గర దాన్ని వెచ్చబెడుతున్నంతసేపూ
కిటికీ అవతల హమనాసు
తాడుకి అంటిన మంచుని
తీరిగ్గా నాకుతూ నిలబడింది.
ఆ కాసేపే.
సిరా కరిగేసరికి
నా ఇంటి పైకప్పు డబ్బు ఖర్చైపోయింది.

"మతి పోయిందా సయో," అన్నాడు మా అన్న.
"కొనడం ఒక్క పూట, మేపడం ఇరవై ఏళ్లు."
లెక్క తప్పేమీ కాదు.
గడ్డి, డెక్కలు చెక్కేవాడి కూలి,
ఏడాదికోసారి పళ్లు అరగదీసే డాక్టరు.
వానొస్తే ఇప్పటికీ వంటగదిలో
రెండు గిన్నెలు పెడతాను.

ఒసాకా నుంచి నెలనెలా మూడు వేల యెన్లు వస్తాయి.
పంపేది కురోయివా, ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు.
మొదటి కవరులో ఒక చీటీ:
"దానిమీద పదకొండుసార్లు కాసి
పదకొండుసార్లూ పోగొట్టుకున్నాను.
ఇది పన్నెండో పందెం.
ఈసారి నడిచినా చాలని చెప్పండి."

చెప్పాను. వినదు.
ఒడ్డున సముద్రపు నాచు ఎండబెట్టేవాళ్లు
ట్రక్కు వెనక తలుపు దభీమని దించుతారా,
ఇది చెవులు వెనక్కి వాల్చి దూకుతుంది,
ఎప్పుడూ కుడికే, కంచె వెంటే,
చుట్టూ ఎవరూ లేని గుంపులోంచి
దారి చేసుకుంటూ.
మూలకి చేరి, రొప్పుతూ,
నావైపు చూస్తుంది.
గెలుపు గీత ఎక్కడో
దానికి ఎవరూ చెప్పలేదు మరి.

మొదట్లో "ఒకటో స్థానం!" అని అరిచేదాన్ని.
నమ్మినట్టు కనపడలేదు.
ఇప్పుడు "ఏడు" అంటాను.
తల దించి మేత మొదలెడుతుంది.

మొన్న ఆఫీసు నుంచి ఫోను,
నా కుర్చీలోకి వచ్చిన కొత్తమ్మాయి మిచిరు.
"హమనాసు గడి ఖాళీగా ఉందండీ,
ఏం రాయమంటారు?"
"గడ్డి తింటోందని రాయి."
కాగితాలు తిప్పిన చప్పుడు.
"చోటు చాలదండీ."
"పక్క గడిలోకి రానీ."
ఏం రాసిందో నేను అడగలేదు.

రాత్రి వాన. గిన్నెల్లో చుక్కలు
నాలుగు, నాలుగు.
నా చేతిరాతతో వెళ్లినవి ఎన్నని
పడుకుని లెక్కపెట్టబోయాను.
నుదుటి చుక్కలు గుర్తొస్తున్నాయి,
పేర్లు రావడం లేదు.
మూడోది కూడా కారుతున్నట్టుంది,
లేచి ఇంకో గిన్నె వెతికాను.